ఆవర్జా నుంచి డేటా కేంద్రం దాకా

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నాగాయలంక దగ్గరి సొర్లగొంది వంటి తీరగ్రామాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అంతటి ప్రాణనష్టం ముందు మరే నష్టమూ లెక్కలోకి రాదు. అయినా ఇల్లు కొట్టుకుపోయినప్పుడు పొలం దస్తావేజు, అప్పుపత్రం, పొదుపు పుస్తకం దాచుకున్న ట్రంకుపెట్టె కూడా దానితోపాటే పోతుంది. ఆ కాగితాలకు మరొకచోట ప్రతి ఉన్న కుటుంబం తన హక్కును నిరూపించుకోగలదు. లేని కుటుంబం సాక్షులను వెతుక్కోవలసి వస్తుంది.

నేడు పెద్ద సంస్థల్లో సమాచార సాంకేతిక వ్యవస్థలను నిర్వహించేవారు మొట్టమొదట వేసుకునే ప్రశ్న కూడా ఇదే. ఉన్న చోటు ఉన్నట్టుండి పనికిరాకుండా పోతే, ప్రతి ఎక్కడ ఉంది? ఎంతసేపటిలో పని మళ్లీ మొదలవుతుంది? కొత్త కంప్యూటర్లు కొనడం, ప్రోగ్రాములు రాయించడం మాత్రమే ఆ విభాగం పని అనుకోవడం పొరపాటు. అది అందులో ఒక భాగం, బహుశా తేలికైన భాగం. కృష్ణా జిల్లాలోనే పుట్టిన ఒక బ్యాంకు కథను గమనిస్తే ఈ మార్పు ఎలా వచ్చిందో స్పష్టమవుతుంది.

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ కాలంలో బ్యాంకు అంటే చిట్టా, ఆవర్జా, గుమస్తా. ఖాతాదారు ఏ శాఖలో సొమ్ము దాచుకుంటే ఆ శాఖ ఆవర్జాలోనే అతని లెక్క ఉండేది. అవనిగడ్డలో ఖాతా ఉన్న రైతుకు గుడివాడలో డబ్బు అవసరమైతే డ్రాఫ్టు తీసుకొని వెళ్లవలసిందే. 1980 ఏప్రిల్ 15న జాతీయం చేసిన ఆరు బ్యాంకులలో ఇదీ ఒకటి. దేశంలో క్రెడిట్ కార్డులను ముందుగా ప్రవేశపెట్టిన బ్యాంకులలోనూ దీనికి స్థానముంది.

బ్యాంకు పనుల యాంత్రీకరణపై డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1984లో నివేదిక సమర్పించింది. ఆ తరువాత శాఖల్లోకి కంప్యూటర్లు ప్రవేశించాయి. అయితే తొలి దశలో మారింది ఆవర్జా రూపమే కాని, దాని చోటు కాదు. కాగితం మీది లెక్క అదే శాఖలోని యంత్రంలోకి చేరింది. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐ.డి.ఆర్.బి.టి.ని నెలకొల్పింది. ఆ సంస్థ 1999లో బ్యాంకులను కలిపే ఇన్ఫినెట్ వలయాన్ని ప్రారంభించింది. ఆ తరువాత వచ్చిన కోర్ బ్యాంకింగ్ విధానం అసలు మార్పును తెచ్చింది. శాఖలన్నింటి ఆవర్జాలూ ఒకే ఆవర్జాగా మారి ఒక డేటా కేంద్రానికి చేరాయి. ఖాతాదారు ఒక శాఖకు చెందినవాడు కాక, మొత్తం బ్యాంకుకు చెందినవాడయ్యాడు.

సౌకర్యంతోపాటు ప్రమాదం కూడా ఒకేచోట పోగుపడింది. పూర్వం ఒక శాఖ తడిస్తే ఒక శాఖ లెక్కలే పోయేవి. ఇప్పుడు డేటా కేంద్రం ఆగితే వేలాది శాఖలు, ఏ.టి.ఎం.లు, చరవాణిలోని చెల్లింపులు ఒక్కసారిగా ఆగిపోతాయి. 2020 నవంబరులో దేశంలోని అతి పెద్ద ప్రైవేటు బ్యాంకు అయిన హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు ప్రధాన డేటా కేంద్రంలో విద్యుత్తు ఆగి సేవలు స్తంభించాయి. అంతకుముందు కూడా అటువంటి అంతరాయాలు కలిగినందువల్ల, డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకు కొత్త డిజిటల్ సేవలను, కొత్త క్రెడిట్ కార్డుల జారీని నిలిపివేసింది. ఆ ఆంక్షలు పూర్తిగా తొలగేసరికి 2022 మార్చి వచ్చింది. యంత్రాల గదిలోని లోపం పాలకవర్గం సమాధానం చెప్పవలసిన విషయంగా మారిందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అందుచేత నిర్వాహకులు రెండు కొలతలను ముందుగానే నిర్ణయించుకుంటారు. ఉదయం పదకొండు గంటలకు కేంద్రం ఆగిపోయిందనుకుందాం. ప్రతి పది యాభై దాకా మాత్రమే ఉంటే, పది నిమిషాల లావాదేవీలు పోయినట్లే. ఎంత సమాచారం పోయినా భరించగలమన్నది మొదటి కొలత. పన్నెండుకు సేవలు తిరిగి మొదలైతే గంటసేపు ఆగినట్లు. ఎంతసేపు ఆగినా భరించగలమన్నది రెండవది. రెండింటినీ సున్నాకు తేవాలని ఎవరైనా కోరుకుంటారు. కాని సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. జీతాల పట్టీ అరపూట ఆగినా ఫరవాలేదు. నగదు చెల్లింపు ఆగరాదు. దేనికి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చడమే ఈ వృత్తిలోని వివేకం.

ప్రతిని ఎక్కడ ఉంచాలన్నదీ ముఖ్యమే. పక్కవీధిలోని ప్రతి ఉప్పెననుంచి కాపాడదు. బ్యాంకులు సాధారణంగా ప్రధాన కేంద్రానికి దగ్గరలో ఒకటి, వేరొక భూకంప మండలంలో దూరంగా మరొకటి ప్రత్యామ్నాయ కేంద్రాలు ఏర్పరచుకుంటాయి. తుపాను తీరంలో పెరిగినవారికి ఈ జాగ్రత్త వింతగా తోచదు.

ఇటీవలి కాలంలో మరొక ధోరణి బలపడింది. సంస్థలు సొంత యంత్రాలకు బదులు క్లౌడ్ సేవలను అద్దెకు తీసుకుంటున్నాయి; అనేక పనులను బయటి సంస్థలకు అప్పగిస్తున్నాయి. 2024 జూలై చివర, సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సి-ఎడ్జ్ టెక్నాలజీస్ వ్యవస్థ ర్యాన్సమ్‌వేర్ దాడికి గురైంది. సమాచారాన్ని తాళం వేసి సొమ్ము గుంజే దాడి ఇది. ముప్పు వ్యాపించకుండా జాతీయ చెల్లింపుల సంస్థ ఆ వ్యవస్థను తాత్కాలికంగా వేరుచేసింది. దానితో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు ఆగాయి. ఆ బ్యాంకుల తప్పేమీ లేదు. అవన్నీ ఒకే గొడుగు కింద నిలబడ్డాయి, అంతే. పనిని బయటివారికి అప్పగించినా బాధ్యత బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్‌లోనే ఆదేశాలు ఇచ్చింది.

దాడి లేకపోయినా ఆపద రావచ్చు. అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన సవరణ వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. ఆనాడు హైదరాబాదు నుంచి బయలుదేరిన ఒక ప్రయాణికుడికి విమానయాన సంస్థ చేతిరాతతో రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చింది. కాపలాకు పెట్టుకున్నదే కాళ్లకు అడ్డుపడింది. సవరణలను కొద్ది యంత్రాలమీద పరీక్షించిన తరువాతే అన్నింటికీ పంపాలన్న పాత నియమానికి ఆ రోజు మళ్లీ విలువ పెరిగింది.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యాయి. 2019 ఆగస్టులో ఆర్థికమంత్రి ఈ విలీనాన్ని ప్రకటించినప్పుడు చూపిన అనుకూలతలలో ఒకటి, మూడు బ్యాంకులూ ఫినాకిల్ అనే ఒకే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థను వాడుతుండడం. పట్టాభి కాలంలో ఇటువంటి కారణం ఊహకైనా అందేది కాదు. ఒకే వ్యవస్థ అయినా ఖాతాలను తరలించడానికి నెలలు పట్టింది. ఆంధ్రా బ్యాంకు శాఖల పాత సంకేతాలు 2021 మార్చి 31 వరకే చెల్లాయి. జీతానికి, బీమాకు, పింఛనుకు పాత సంకేతం ఇచ్చినవారందరూ దానిని మార్చుకోవలసి వచ్చింది. యంత్రాలకన్న మనుషులకు చెప్పడమే ఇటువంటి పనుల్లో ఎక్కువ శ్రమ.

ప్రత్యామ్నాయ కేంద్రం ఉన్నదని కాగితంమీద రాసుకుంటే చాలదు. ముఖ్యమైన వ్యవస్థలకు కనీసం ఆరునెలలకొకసారి అభ్యాసం జరపాలని 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ప్రధాన కేంద్రాన్ని పక్కనపెట్టి, ఒక పూర్తి పనిదినం లావాదేవీలన్నింటినీ ప్రత్యామ్నాయ కేంద్రం నుంచే నడిపిచూడాలి. అటువంటి రోజున అవనిగడ్డలో పాసుపుస్తకం అచ్చు వేయించుకునే రైతుకు, ఆ అంకెలు ఏ నగరంలోని యంత్రం నుంచి వచ్చాయో తెలియదు. అతడు నిల్వ సరిచూసుకొని ఇంటికి వెళ్తాడు.