కంచు బొమ్మ ఎవరికి దక్కాలి?

అమెరికా దేశంలో ఏటేటా శీతకాలం వచ్చేసరికి ఒక పెద్ద తగవు లేస్తుంది. ఆస్తి తగవు కాదు, ఎన్నికల తగవు అంతకన్నా కాదు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడే కుర్రవాళ్ళందరిలోకీ మేటి ఎవడు, హైస్‌మన్ ట్రోఫీ అనే కంచు బొమ్మ ఎవడికి దక్కాలి అన్నదే ఆ తగవు. మన కుటుంబాలలో అక్కడ పిల్లలను చదివిస్తున్నవారు ఈ పేరు వినే వుంటారు. మా మేనల్లుడు అక్కడ చదువుతూ, సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఈ పురాణమే విప్పుతాడు. వినగా వినగా నాకూ రుచి తగిలింది.

ముందుగా ఒక మాట. అక్కడి ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా వుండదు, రెండు కొనలూ తేలి వుంటుంది. కాలితో తన్నేది తక్కువ. చంకన పెట్టుకొని పరుగెత్తడం, చేత్తో విసరడం ఎక్కువ. పక్షానికి పదకొండు మంది. నాలుగు యత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి ఎదుటివారిది. అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు. పేరంతా సాధారణంగా అతనికీ, బంతి పట్టుకొని పరుగెత్తేవాడికీ పోతుంది. దారి చేసి పెట్టే బండ మనుషుల పేర్లు ఎవరికీ పట్టవు. ఆఫీసుల్లో ఫైలు కట్టేదొకరు, సంతకం పెట్టేదొకరు, అదీ అలాంటిదే.

ఈ బహుమానం 1935లో న్యూయార్కులోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్బువారు పెట్టారు. మొదట అందుకున్నవాడు షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బెర్వాంగర్. ఆ మరుసటి ఏడు క్లబ్బులో క్రీడల వ్యవహారం చూసే జాన్ హైస్‌మన్ అనే పాత శిక్షకుడు కాలం చేస్తే, ఆయన పేరు దానికి పెట్టారు. బెర్వాంగర్ ఆ బొమ్మను వాళ్ళ అత్తగారింట వుంచితే, ఆవిడ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నదట! అలాంటి బొమ్మకు తరువాత ఎంత విలువ వచ్చిందో చూడండి.

ఎంపిక ఓట్ల మీద జరుగుతుంది. నేడు పత్రికలవారు, రేడియో, టెలివిజనువారు కలిసి 870 మంది. బ్రతికివున్న పాత విజేతలందరూ. ఆపైన ప్రజలందరి తరపునా కలిపి ఒక్క ఓటు. ఒక్కొక్కరు ముగ్గురి పేర్లు వరుసగా వ్రాయాలి. మొదటి పేరుకు మూడు పాయింట్లు, రెండవదానికి రెండు, మూడవదానికి ఒకటి. అన్నీ కూడి చూస్తారు. లెక్క సుళువే. చిక్కంతా ఆ కూడికలోనే వున్నది.

ఈ చిక్కుకు 1956ను మించిన ఉదాహరణ లేదు.

ఆ ఏడు బహుమానం నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయపు పాల్ హార్నుంగ్‌కు వచ్చింది. అందగాడు, బంగారు కుర్రవాడని ముద్దుపేరు. అయితే అతని జట్టు ఆ ఏడు ఆడినవి పది, గెలిచినవి రెండు, ఓడినవి ఎనిమిది! ఓటమి పాలైన జట్టు నుంచి ఈ బహుమానం అందుకున్నవాడు అతనొక్కడే. విసిరిన బంతుల్లో మూడు మాత్రమే టచ్‌డౌన్లు అయినవి. పదమూడు ఎదుటివారి చేతుల్లో పడ్డవి.

అదే ఏడు ఓక్లహోమా జట్టు పదికి పదీ గెలిచి దేశంలో మొదటి స్థానాన నిలిచింది. ఆ జట్టులో టామీ మెక్‌డొనాల్డ్ అనే చురుకైన కుర్రవాడున్నాడు. అక్టోబరులో వీళ్ళు హార్నుంగ్ ఊరికే పోయి, అతని జట్టును 40–0గా చిత్తు చేసి వచ్చారు. ఇక ఓట్లు చూడండి. ‘మొదటివాడు’ అని మెక్‌డొనాల్డ్ పేరు వ్రాసినవారు 205 మంది. హార్నుంగ్ పేరు వ్రాసినవారు 197 మందే. అయినా రెండవ, మూడవ స్థానాల పాయింట్లు కలిపేసరికి హార్నుంగ్‌కు 1,066, టెన్నెసీ ఆటగాడు జానీ మేజర్స్‌కు 994, మెక్‌డొనాల్డ్‌కు 973 వచ్చినవి. ఎక్కువ మంది మొదటివాడన్నవాడు మూడవవాడైనాడు! పైగా ఓక్లహోమా నుంచే జెర్రీ టబ్స్ అని మరొకడు 724 పాయింట్లతో నాలుగో స్థానాన వున్నాడు. ఒకే ఇంటివారు ఇద్దరు పోటీకి నిలబడితే ఓట్లు చీలక ఏమవుతవి?

ఈ నలుగురి వెనుక, 561 పాయింట్లతో అయిదవ స్థానాన ఒక పేరున్నది. సిరక్యూస్ విశ్వవిద్యాలయపు జిమ్ బ్రౌన్. ఎనిమిది ఆటలలో 986 గజాలు పరుగెత్తాడు. కొల్గేట్ జట్టు మీద ఒక్క ఆటలో ఆరు టచ్‌డౌన్లు, ఏడు అదనపు పాయింట్లు, మొత్తం 43 పాయింట్లు ఒక్కడే తెచ్చాడు. ఆనాటి నియమాల ప్రకారం ఆటగాళ్ళను ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీలు లేదు గనుక, దాడికి పోయినవాడే కాపుదలకూ నిలబడాలి. బ్రౌన్ ఆ పనీ చేశాడు.

బ్రౌన్ నల్లజాతివాడు. ఆనాడు దక్షిణాది విశ్వవిద్యాలయాలు చాలావాటిలో నల్లజాతి కుర్రవాళ్ళకు జట్టులో కాదు గదా, తరగతిలోనే చోటు లేదు. అప్పటికి ఇరవై ఒక్క మారులు బహుమానం ఇచ్చారు, ఒక్కమారైనా నల్లవాడికి రాలేదు. ఓటు వేసిన వారిలో ఎవరి మనసులో ఏమున్నదో మనం తూచలేము. హార్నుంగ్ పక్షం వారి వాదమూ వినాలి: జట్టు బలహీనమైతే అతడేం చేస్తాడు? పరుగు, విసురు, తన్ను, కాపుదల అన్నీ ఒంటిచేత్తో మోశాడు గదా, ఓడిన ఇంట్లో పుట్టినందుకు శిక్షా అంటారు. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ తరువాత పెద్దల ఆటలో హార్నుంగ్ మంచి పేరే తెచ్చుకున్నాడు. కాని అదే కొలతతో బ్రౌన్‌ను ఎందుకు కొలవలేదు? అతనూ అన్నీ చేశాడు, పైగా జట్టును గెలిపించాడు. నన్నడిగితే ఆ బొమ్మ బ్రౌన్‌ది. 1957 నుంచి 1965 దాకా తొమ్మిదేళ్ళు పెద్దల ఆట ఆడి, ఎనిమిదేళ్ళు పరుగులో అతడే మొదటివాడు. అయితే అది తరువాతి మాట; 1956 నాటి ఓటుకు దాన్ని సాక్ష్యంగా తేకూడదని మా మేనల్లుడు అడ్డు తగులుతాడు. సరే, ఆ 43 పాయింట్లు చాలవా?

బ్రౌన్ సిరక్యూస్ విడిచిన తరువాత, అతడే వెళ్ళి నచ్చజెప్పి ఎర్నీ డేవిస్ అనే కుర్రవాణ్ణి ఆ విశ్వవిద్యాలయానికి రప్పించాడు. బ్రౌన్ తొడిగిన 44వ నంబరు చొక్కాయే అతనికీ ఇచ్చారు. 1961లో హైస్‌మన్ ట్రోఫీ డేవిస్‌కు వచ్చింది. అందుకున్న తొలి నల్లజాతివాడు అతడే. ఆ రోజు న్యూయార్కులోనే వున్న ప్రెసిడెంటు కెనెడీ పనిగట్టుకొని అతన్ని పిలిపించి కరచాలనం చేశాడు. పెద్దల ఆటలో క్లీవ్‌లాండ్ జట్టు అతన్ని తీసుకున్నది. అక్కడ వున్నది ఎవరు? జిమ్ బ్రౌనే. ఇద్దరూ ఒకే వరుసలో పరుగెత్తవలసినవారు. ఇంతలో డేవిస్‌కు రక్తపు క్యాన్సరు బయటపడింది. ఒక్క ఆటైనా ఆడకుండానే 1963 మే నెలలో, ఇరవై మూడేళ్ళకే కన్నుమూశాడు.

కాపుదలవారి గోడు మరొకటి. దాడి, కాపుదల వేరువేరైన తరువాత బొమ్మంతా దాడివారికే పోయింది. 1997లో మిషిగన్ ఆటగాడు చార్లెస్ వుడ్‌సన్, ముఖ్యంగా కాపుదలకు నిలబడేవాడు, అందరూ తప్పక గెలుస్తాడనుకున్న టెన్నెసీ క్వార్టర్‌బాక్ పేటన్ మానింగ్‌ను దాటుకొని పోయాడు. టెన్నెసీవారికి ఆ కడుపుమంట నేటికీ చల్లారలేదంటారు. 1956లో మేజర్స్ పోగొట్టుకున్నదీ వాళ్ళ బొమ్మే మరి. ఆ మేజర్స్ తరువాత శిక్షకుడై, 1976లో పిట్స్‌బర్గ్ జట్టుతో దేశ విజేతగా నిలిచాడు. ఆ జట్టు కుర్రవాడు టోనీ డార్సెట్ అదే ఏడు బొమ్మ తెచ్చుకున్నాడు. అట్లా తీరింది ఆయన బాకీ.

ఇక 2024 సంగతి. కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్ పాతకాలంవారి మాదిరిగా దాడికీ పోయాడు, కాపుదలకూ నిలబడ్డాడు. ఆ ఏడు మొత్తం మీద 96 బంతులు పట్టి 15 టచ్‌డౌన్లు చేశాడు. ఎదుటివారు విసిరినవి నాలుగు లాక్కున్నాడు. బోయ్సీ స్టేట్ కుర్రవాడు ఆష్టన్ జీంటీ పరుగులోనే 2,601 గజాలు పోయాడు. 1988లో బ్యారీ శాండర్స్ పెట్టిన 2,628 గజాల రికార్డుకు 27 గజాలే తక్కువ. అయితే శాండర్స్‌కు పదకొండు ఆటలే లెక్కించారు, జీంటీకి పధ్నాలుగు, ఇదీ మరచిపోకూడదు. హంటర్‌కు 2,231 పాయింట్లు, జీంటీకి 2,017.

మా మేనల్లుడు జీంటీ పక్షం. చిన్న విశ్వవిద్యాలయం కావడం వల్లనే వెనుకబెట్టారని అతని ఫిర్యాదు. నేను హంటర్ పక్షం. రెండు కుర్చీల పని ఒక్కడే చేసి, రెండూ బాగా చేసినవాణ్ణి కాదని ఒక కుర్చీవాడికి బహుమానమిస్తే నా గుమాస్తా మనసు ఒప్పుకోదు. మొన్న భోజనాల దగ్గర ఈ మాటే మళ్ళీ వచ్చింది. మా అక్కయ్య పెరుగు వడ్డిస్తూ, ముందు అన్నం కలుపుకోండిరా అని కసిరితే తప్ప ఇద్దరం వదలలేదు.