పాత ఇంట కొత్త ఏ.సి.

చిత్తిరై పండుగ నాటికి మదురలో ఎండ ఎట్లా ఉంటుందో మన వారికి వేరే చెప్పనక్కరలేదు. కోయంబత్తూరు బంధువులు మాత్రం పాలక్కాడు కనుమ గాలి తమకు చాలునని చిరకాలం చెప్పుకొనేవారు. ఇప్పుడు వారి ఇండ్లలోనూ ఏ.సి.లు చేరినవి. చేరిన యంత్రం ఏనాటికో ఒకనాటికి చెడక మానదు. దానిని మార్చబోయినప్పుడు అయ్యే ఖర్చును గూర్చే ఈ నాలుగు మాటలు.

మా ఇంట జరిగినదే చెబుతాము. మదురలో మాది తాతగారి నాటి ఇల్లు. ఒక వేసవి రాత్రి అవ్వ గదిలోని కిటికీ ఏ.సి. ఆగిపోయినది. అవ్వకు ఎనభై దాటినవి. నిద్ర పట్టక తెల్లవారేదాకా వసారాలో కూర్చున్నది. "నాకెందుకురా, విసనకర్ర ఉన్నది గదా" అన్నది గాని, ఆ ముఖం చూసి మేము ఆగలేకపోయాము. మరునాడే అంగడికి పోయి, చీటీ మీది ధర చూసి, స్ప్లిట్ ఏ.సి. కొన్నాము. బిగించడానికి స్వల్పమే అవుతుందన్నారు. అన్నీ తేలేసరికి యంత్రం ధరలో మూడో వంతు ఇంకా పోసాము. సగం తానిస్తానన్న కోయంబత్తూరు చిన్నాయనకు రెండోసారి ఫోను చేయవలసి వచ్చినప్పుడు మాకు తల కొట్టేసినట్లయినది.

తప్పు అంగడివారిది కొంత, మాది ఎక్కువ. యంత్రాన్ని చూశాము గాని ఇంటిని చూడలేదు.

మొదట గోడ. కిటికీ ఏ.సి. తీసిన కంతను ఇటుకతో మూయాలి. దానికి మేస్త్రీ కూలి. మనవి సున్నపు గార గోడలు. మేకు కొడితే పెళ్లలు రాలుతవి. బరువు నిలిచేందుకు పొడవాటి బోల్టులు కావలసి వచ్చినవి. ఇక బయటి పెట్టె ఎక్కడ పెట్టేది? మన పాత వీధుల్లో ఇండ్లు గోడకు గోడ ఆని ఉంటవి. పక్కవారి వైపు వేడిగాలి వదలలేము. మిద్దె మీదికే ఎక్కించాలి. అప్పుడు రాగి గొట్టం పొడవు పెరుగుతుంది. పెట్టెతో వచ్చేది కొద్ది మీటర్లే. తక్కినది మీటరు లెక్కన మనమే కొనాలి. ఒక హద్దు దాటితే గ్యాసు కూడా అదనంగా నింపాలి. మా బిల్లులో అన్నిటికన్నా బరువైన పద్దు ఈ రాగిదే.

తరువాత కరెంటు. తాతగారి నాటి తీగ దీపాలకూ పంకాలకూ వేసినది. ఏ.సి.కి మీటరు పెట్టె నుండి వేరే లావు తీగ, వేరే ఎం.సి.బి., సరియైన ఎర్తు ఉండాలి. ఇందులో మాత్రం పొదుపు చూడరాదు. పాత తీగ వేడెక్కితే ఇల్లే అంటుకోవచ్చు.

ఎన్ని టన్నులన్నది మరొక చిక్కు. టన్ను అంటే యంత్రం బరువు కాదు. సుమారు 907 కిలోల మంచుగడ్డ కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని ఒక రోజులో గది నుండి లాగివేసే శక్తి. మన మద్రాసు టెర్రేసు గదుల కప్పు 12 అడుగుల ఎత్తు ఉంటుంది. పైన ఎండ నేరుగా పడుతుంది. పొడవు వెడల్పులు మాత్రమే కొలిచి చెప్పే లెక్క అక్కడ చాలదు. అట్లాగని మరీ పెద్దది కొనడమూ పొరపాటే. 1902లో విల్లిస్ కారియర్ ఈ యంత్రాన్ని రచించినది మనుషుల సుఖానికి కాదు, న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటపు కాగితం తేమకు సాగకుండా! నూలు మిల్లులలో పనిచేసిన మన కోయంబత్తూరు పెద్దలకు గాలిలో తేమ అదుపు ఎంత ముఖ్యమో తెలుసు. మరీ పెద్ద యంత్రం గదిని చప్పున చల్లబరచి ఆగిపోతుంది. తేమ మిగిలి ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది.

నక్షత్రాల సంగతి క్లుప్తంగా. ఎక్కువ నక్షత్రాలకు ధర ఎక్కువ, కరెంటు తక్కువ. పగలూ రాత్రీ నడిచే ఇంట ఆ తేడా తిరిగి వస్తుంది. ఏడాదికి రెండు నెలలు నడిపే ఇంట అంత త్వరగా రాదు. తమిళనాట 2022 సెప్టెంబరులో వచ్చిన ధరల పట్టికలో రెండు నెలలకు 500 యూనిట్లు దాటితే కింది యూనిట్లలో కొన్నింటికీ రేటు పెరిగినది. ఆ గీతకు దగ్గరలో ఉన్న ఇల్లు నక్షత్రాలు లెక్కించవలసిందే. 2025 సెప్టెంబరు 22 నుండి ఏ.సి.ల మీద జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి దిగడం కొంత ఊరట.

ఆ తరువాత కోయంబత్తూరులో చిన్నాయన ఇంటి పాత స్ప్లిట్ వంతు వచ్చినది. ఈసారి అంగడికి ముందు ఎలక్ట్రీషియనునూ, ఏ.సి. బిగించే పనివానినీ ఇంటికి పిలిచాము. పాత గొట్టాలు ఉన్నవి గదా, రాగి ఖర్చు తప్పిందనుకున్నారు చిన్నాయన. పనివాడు తల అడ్డంగా ఊపాడు. పాతది ఆర్-22 గ్యాసు. ఓజోను పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద క్రమంగా తొలగిస్తున్నది. కొత్త యంత్రంలోని ఆర్-32కు ఒత్తిడి ఎక్కువ, నూనె వేరు. పాత నూనె మిగిలిన గొట్టం దానికి పనికిరాదు. తీసిన రాగిని వదలకుండా తూకానికి అమ్ముకొమ్మని కూడా అతడే చెప్పాడు. ఖర్చంతా ముందే కాగితం మీద రాయించుకొన్నాము. మొత్తం తక్కువేమీ కాలేదు గాని, ఆ కాగితం దాటి ఒక్క రూపాయి పోలేదు. రెండో ఫోను అవసరం రాలేదు.

అవ్వ సంగతి అడుగుతారేమో. 26 డిగ్రీల మీద పెట్టి, పంకా మెల్లగా తిప్పితే హాయిగా నిద్రపోతున్నది. తెల్లవారుజామున మాత్రం "చలేస్తున్నదిరా, ఆపండి" అంటుంది.