తుప్పు సైకిల్ మళ్లీ రోడ్డెక్కాలంటే...

వేసవిలో కాలవలు కట్టేశాక బందరు నుంచి దివిసీమ దాకా గట్ల వెంట ఒకసారి తిరిగి చూడండి. నీళ్లు తగ్గిన చోట ప్లాస్టిక్ సీసాలు, కొబ్బరి బోండాలు, వాటి మధ్య బురదలోంచి పైకి లేచిన ఓ సైకిల్ హ్యాండిల్ కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే కాలవల్లోంచి ఏటా 12 వేల నుంచి 15 వేల సైకిళ్లు తీస్తారు. దానికి వాళ్లకు పడవలు, క్రేన్లు ఉన్నాయి. నాకున్నవి ఓ తాడు, మా తమ్ముడు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఐదు రోజులు ల్యాప్‌టాప్, శని ఆదివారాలు స్పానర్. రెండేళ్లలో గట్ల మీద, తుప్పల్లో, పాత ఇనుము కొట్ల ముందు దొరికినవి 17 సైకిళ్లు. అందులో 11 ఇప్పుడు నడుస్తున్నాయి. మిగతా ఆరూ విడి భాగాలుగా ఆ పదకొండింట్లోకే వెళ్లిపోయాయి.

ఎందుకు పారేస్తున్నారు?

పాడైపోయి కాదు. నాకు దొరికిన వాటిలో సగానికి సగం ట్యూబు, టైరు మారిస్తే నడిచేవే. ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు గుర్తుందా? టెన్త్ అయ్యాక అమ్మాయి గుడివాడకో బందరుకో ఇంటర్‌కి బస్సెక్కుతుంది. సైకిల్ వసారాలో ఉండిపోతుంది. గాలి పోతుంది, ఉప్పుగాలికి చైన్ బిగుసుకుపోతుంది. ఈలోగా ఊళ్లో పంక్చర్లు వేసే ఆయన షాపు మూసేసి ఉంటాడు. వంద రూపాయల పనికి టౌనుకు ఎవరు మోసుకెళ్తారు? అలా గట్టు మీదికి చేరుతుంది.

ఏది బతుకుతుంది?

తెచ్చిన వెంటనే సీటు పీకి, సైకిల్‌ని తలకిందులు చేయండి. గొట్టంలో చేరిన బురద నీళ్లు కారిపోవాలి. సముద్రం పక్క ఊళ్లలో తుప్పు లోపలి నుంచి తింటుంది, పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. స్పానర్‌తో ఫ్రేమ్ అంతా మెల్లగా కొట్టి వినండి. ఖణేల్‌మంటే మంచిది. చప్పగా మోగినా, హ్యాండిల్ దగ్గర అతుకులో పగులు కనిపించినా ఆ ఫ్రేమ్ వదిలేయండి. వెల్డింగ్ చేయించి ఎవరికీ ఇవ్వకండి.

బిగుసుకుపోయిన నట్లకు కిరోసినో, తుప్పు వదిలించే ఆయిలో పోసి ఒక రాత్రి వదిలేయాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. చైన్‌కి స్కేలు పెట్టండి. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అవే లింకులు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చాయంటే చైన్ మార్చాల్సిందే.

మన పాతకాలం నల్ల సైకిళ్లతో ఒక సుఖం ఉంది. ఏ కంపెనీదైనా కొలతలు దాదాపు ఒకటే. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం రోజున మూతపడింది. అయినా అట్లాస్‌కి హీరో సామాను వేసి నడిపించేయొచ్చు.

అసలు పని కాగితంతోనే

రిపేర్ యూట్యూబ్ చూసైనా నేర్చుకోవచ్చు. నాగాయలంక వైపు రొయ్యల చెరువు కాపలా ఉండే ఒకాయన రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్తుంటే సైకిల్ ఇద్దామని తీసుకెళ్లాను. ముట్టుకోలేదు.

“ఇది ఎవరిది బాబూ? రేపు ఎవరన్నా ‘ఇది మాదే’ అంటే నన్నే కదా దొంగ అంటారు?”

నేను తొక్కుతుంటే ఎవరూ అడగరు. ఆయన తొక్కితే అడుగుతారు. తేడా అది.

చట్టం కూడా ఆయన వైపే ఉంది. దొరికిన వస్తువు యజమాని ఎవరో వెతికే ప్రయత్నం చేయకుండా దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 సెక్షన్ కింద నేరం. 2024 జులై 1కి ముందు ఐపీసీలో ఇదే 403. ‘రోడ్డు పక్కన పడుంది, తీసుకున్నా’ అంటే సరిపోదు.

అందుకే నా పద్ధతి ఇది. కదిలించకముందే ఫోటో తీస్తాను. సీటు కిందో, పెడల్ ఇరుసు అడుగునో కొట్టి ఉండే ఫ్రేమ్ నంబర్ రాసుకుంటాను. పంచాయతీ ఆఫీసులో చెప్పి, ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడతాను. నంబర్ మాత్రం పెట్టను, ‘నాదే’ అని వచ్చినవాళ్లే చెప్పాలి, లేదా గుర్తులైనా చెప్పాలి. నెల రోజులు ఆగుతాను. ఇప్పటికి ముగ్గురు ఓనర్లు దొరికారు. ఇద్దరు ‘మాకెందుకు, ఎవరికైనా ఇచ్చెయ్’ అని సంతకం పెట్టారు. మూడో ఆయన తనది తాను తీసుకెళ్లాడు, టైర్ల డబ్బులు కూడా ఇచ్చాడు. పాత ఇనుము కొట్టులో కొంటే చీటీ లేకుండా కదలను. అనుమానంగా అనిపిస్తే పోలీస్ స్టేషన్‌లో చెప్పేస్తాను.

చెరువు కాపలా బాబాయ్‌కి చివరికి సైకిల్‌తో పాటు ఒక కాగితం ఇచ్చాను. ఫ్రేమ్ నంబర్, ఎక్కడ దొరికిందో, పాత ఓనర్ సంతకం, నా సంతకం, నా ఫోన్ నంబర్. ఆయన దాన్ని ఆధార్ కార్డున్న ప్లాస్టిక్ కవర్లోనే మడిచి పెట్టుకున్నాడు.

మీ వసారాలో కూడా ఒకటి ఉండే ఉంటుంది. గట్టు మీద పారేయకండి. ముందు గాలి కొట్టి చూడండి. మీకు అక్కర్లేదనుకుంటే నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి నడిచేవాళ్ల చేతికి ఇవ్వండి. మీరే ఇస్తే నెల రోజులు ఆగే పని కూడా ఉండదు.