మిర్చి కోతలు, నా థెరపీ

మనది చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఏమనుకోకండి.

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో, మిర్చి కోతల నుంచి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. కనీసం తొమ్మిది మంది చనిపోయారు. అలాంటి వార్తలో బతికినవాళ్ల గురించి ఒక లైన్ ఉంటుంది, అంతే. నేను అలా బతికినదాన్నే, వేరే యాక్సిడెంట్‌లో. పదహారేళ్లప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊర్లో కూలీలతో పాటు ఎక్కిన ఆటో బోల్తా పడింది. నాకు చెయ్యి విరిగింది. నా పక్కనున్న పిన్ని పోయింది.

చెయ్యి అతుక్కుంది. కానీ మిర్చి ఘాటు తగిలితే చాలు, గుండె దడ, చెమటలు. యార్డు ఉన్న గుంటూరులో ఆ ఘాటు లేని రోడ్డేది? ఇంట్లో దిష్టి తీశారు. (అదీ ఎండుమిర్చితోనే, ఇంకేం చెప్పను!)

దీని పేరు పీటీఎస్‌డీ. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో చేరింది. పీడకలలు, జరిగింది మళ్లీ కళ్లముందుకు రావడం, ఆ చోటుకి వెళ్లకుండా తప్పించుకోవడం, చిన్న శబ్దానికీ ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే అనుమానించాలి. మన భాషలో చెప్పాలంటే, ఆ జ్ఞాపకం టైమ్‌స్టాంప్ లేకుండా సేవ్ అయింది. అందుకే పాతది కూడా ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది.

టీనేజర్లకి ఎక్కువగా వాడేది ట్రామా ఫోకస్డ్ సీబీటీ. కోహెన్, మనరినో, డెబ్లింగర్ తయారుచేశారు. మామూలుగా 12 నుంచి 16 సెషన్లు. ముందు ఊపిరి కంట్రోల్ చేసుకోవడం నేర్పుతారు, తర్వాత జరిగింది మన మాటల్లో చెప్పిస్తారు, అమ్మానాన్నల్నీ కూర్చోబెడతారు.

నేను మొదటి రెండు సెషన్లు నోరు విప్పలేదు. మేడమ్ బలవంతపెట్టలేదు. చెప్పడం మొదలుపెట్టాక పీడకలలు ఇంకా పెరిగాయి, రెండు వారాలు మానేశా కూడా. ఈ సంగతి ముందే తెలిస్తే మీరు మానరని రాస్తున్నా. తిరిగి వెళ్లాక అమ్మ ముందు చెప్పేశా: ఆ రోజు సీటు మార్చుకుందామని పిన్నిని అడిగింది నేనే. అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకుంది. ఆటో బోల్తా పడింది సీటు మారినందుకా అని మేడమ్ అడిగారు. జవాబు చెప్పడానికి నాకు వారం పట్టింది.

తర్వాత మెట్లు మెట్లుగా: కల్లం ఫొటో, వంటింట్లో పోపు, చివరికి కల్లం.

డబ్బుల్లేవనుకునేవాళ్లకి టెలీ మానస్ ఉంది, 14416. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఫ్రీ, 24 గంటలు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ ఫిబ్రవరిలో కల్లంలో గంటసేపున్నా. అందరితో పాటు తుమ్మా. ఆటోలో చివరి సీటు మాత్రం ఇంకా కుదరట్లేదు.