కంప్యూటరు కొనే ముందు ఎర్త్ చూసుకోండి

మన వఠారాల్లో ఇప్పుడు చాలా ఇళ్ళకి కంప్యూటరు వచ్చింది. పిల్లల చదువని అప్పో సప్పో చేసి కొంటాం. దాని వెనకాల మాత్రం అదే పాత ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఏప్రిల్, మే వచ్చిందంటే బెంగళూరులో సాయంత్రాలు ఉరుములు, కరెంటు పోవడం, రావడం. అట్లా వచ్చేటప్పుడు, లేదా పక్కనెక్కడో పెద్ద మోటారు ఆగినప్పుడు, 230 వోల్టులుండే లైను ఒక్కసారి వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి ఎగురుతుంది. రెప్పపాటు కూడా ఉండదు. లోపలి బోర్డు పోవడానికి ఆ కాస్తే చాలు.

దీనికోసమే స్పైక్ గార్డు అమ్ముతారు. నేను చదివింది ఐదో క్లాసు, పని చేసింది మిల్లులో, కాబట్టి మిల్లు మాటల్లోనే చెప్తాను. బాయిలరుకి సేఫ్టీ వాల్వు ఉండేది కదా, ఆవిరి ఎక్కువైతే తెరుచుకుని బయటికి వదిలేది. స్పైక్ గార్డులో జింకు ఆక్సైడు బిళ్ళ అదే పని చేస్తుంది. మామూలు వోల్టేజికి ఊరుకుంటుంది, హద్దు దాటితే దారి ఇచ్చి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మళ్ళిస్తుంది. ఎర్త్ లేని ఇంట్లో సగం పని ఆగిపోయినట్టే.

అసలు సంగతి అదే. ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్త్‌ది. పాత అద్దె ఇళ్ళలో గోడ సాకెట్టుకి మూడు కన్నాలుంటాయి, వెనకాల పచ్చ వైరు ఉండదు. కొందరు ఆ పిన్నుని న్యూట్రల్‌కే కలిపేస్తారు. ఇది చాలా చెడ్డ పని. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, కంప్యూటరు రేకు డబ్బాకే కరెంటు వస్తుంది, చెయ్యి పెట్టేది మన పిల్లలు. కుళాయి పైపుకి కట్టడం కూడా కుదరదు, ఇప్పుడవి ప్లాస్టిక్కువి. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించండి, లేదంటే ఇంటి ఓనరుతో గట్టిగానే మాట్లాడి వేయించుకోండి. కంప్యూటరుకి వేలు పెట్టాం, దీనికి వెనకాడతామా?

ఎస్.పి. రోడ్డులో స్పైక్ గార్డని అడిగితే కొన్నిచోట్ల వట్టి జంక్షన్ బాక్సే చేతిలో పెడతారు. ఐ.ఎస్.ఐ. గుర్తు, జౌల్స్ లెక్క రాసి ఉందా చూడండి. 6 ఆంపియర్ల బాక్సు సుమారు 1,380 వాట్లకే తట్టుకుంటుంది, 1,500 వాట్ల నీళ్ళ రాడ్డు దాంట్లో పెడితే కాలుతుంది. ఒక బాక్సులో ఇంకో బాక్సు గుచ్చకండి. దెబ్బ తిన్నకొద్దీ బిళ్ళ అరిగిపోతుంది, 'ప్రొటెక్షన్' లైటు ఆరితే సాకెట్లు పనిచేస్తున్నా సరే, మార్చేయండి. గంటల తరబడి వోల్టేజి పెరిగినా తగ్గినా ఇది ఏం చేయలేదు, అది స్టెబిలైజరు పని.

దగ్గర్లో పిడుగు పడితే ఏ గార్డూ ఆగదు. ఉరుము దూరంగా ఉండగానే స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేయండి, ఇంటర్నెట్టు వైరు కూడా. దాని గుండా వచ్చే కరెంటు సంగతి చాలామందికి తట్టదు.