పుకార్లు, చట్టాలు, వాక్ స్వాతంత్ర్యం: ఇవి మీకు తెలుసా?

● 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో ఊరూరా తిరిగిన ఒక వీడియో అసలు మన దేశంలో తీసిందే కాదు. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే బైకు మీద ఇద్దరొచ్చి ఒక పిల్లవాణ్ని లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పూర్తి చిత్రంలో ఆ ఇద్దరే వెనక్కి వచ్చి పిల్లవాణ్ని దించి, పెద్దల్ని హెచ్చరించే అట్ట ఒకటి చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు. అలాంటి వదంతులు ముదిరిన ఆ మే నెలలోనే హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. తప్పుడు సమాచారం ప్రాణాలు తీస్తుందనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

● అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లకు పోలీసుల్ని పంపారు. వాళ్లు జనంతో కూర్చుని మాట్లాడారు, వదంతులు నమ్మవద్దని జానపద బాణీల్లో పాటలు పాడించారు. ఇందుకు కొత్త చట్టమేదీ అవసరం పడలేదు. ఈ పని గురించి మనం చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు.

● ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపగలిగే పరిమితిని వాట్సాప్ 2018లో ముందు మన దేశంలోనే పెట్టింది. ప్రపంచమంతటా అమలు చేసింది 2019లో.

● వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు చెప్పే 19(2) అధికరణంలో దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం, కోర్టు ధిక్కారం వంటివి ఉన్నాయి. ‘అబద్ధం’ లేదు! అబద్ధం వల్ల ఒకరి పరువు పోతేనో, అల్లర్లు రేగితేనో చట్టం పట్టుకుంటుంది. అబద్ధమన్న ఒక్క కారణంతో నోరు మూయించే అధికారాన్ని రాజ్యాంగం ప్రభుత్వానికి ఇవ్వలేదు. శాంతిభద్రతల మాట కూడా మొదట్లో లేదు. ‘క్రాస్ రోడ్స్’ వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి (అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనివే) రానివ్వకుండా ఆ ప్రభుత్వం నిషేధించింది. 1950లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి శాంతిభద్రతలను ఆ జాబితాలో చేర్చింది. ఆంక్షలు ‘సహేతుకం’గా ఉండాలన్న షరతు కూడా ఆ సవరణతోనే వచ్చింది.

● కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై వచ్చే సమాచారంలో ఏది నకిలీయో కేంద్రం నియమించిన విభాగమే తేల్చేలా 2023లో ఐటీ నిబంధనలను సవరించారు. కమెడియన్ కునాల్ కామ్రా తదితరులు బాంబే హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. మూడో న్యాయమూర్తి అభిప్రాయంతో ఆ ఏడాది సెప్టెంబరులో ఆ నిబంధన చెల్లకుండా పోయింది. మంచి తీర్పు. తన మీద వచ్చిన విమర్శ నిజమో కాదో తానే తేల్చే హక్కు ఏ పార్టీ ప్రభుత్వానికీ ఉండకూడదు.

● ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ‘చిరాకు’ కలిగించే సందేశానికి కూడా మూడేళ్ల వరకు జైలు అనేది. 2012లో బాల్ ఠాక్రే అంత్యక్రియల నాటి ముంబై బంద్‌ను ప్రశ్నించిన యువతితో పాటు, ఆ పోస్టుకు లైక్ కొట్టిన యువతిని కూడా మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. న్యాయశాస్త్ర విద్యార్థిని శ్రేయా సింఘాల్ వేసిన పిటిషన్‌పై 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చెలమేశ్వర్.

చచ్చిన ఆ సెక్షన్ కిందే పోలీసులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కేసులు పెడుతూ వచ్చారు. ఇకపై ఎవరినీ దాని కింద విచారించరాదని 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. మీకు గానీ మీ వాళ్లకు గానీ ఎప్పుడైనా నోటీసు వస్తే అందులోని సెక్షన్ నంబర్లు ఒక్కొక్కటే చదవండి. 66ఏ కనిపిస్తే భయపడకుండా లాయరును కలిసి ఈ రెండు తేదీలూ చెప్పండి.