‘ఆంటీ... చందా!’

మధ్యాహ్నం రెండున్నర. వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చానో లేదో, కాలింగ్ బెల్ మోగింది. విసుక్కుంటూనే తలుపు తీశాను. ఎదురుగా పదేళ్ల కుర్రాడు. భుజాన సంచీ, చేతిలో అగరొత్తుల కట్టలు.

"ఒక్కటి తీసుకోండమ్మా..."

"ఏం వద్దు. వేళాపాళా లేదూ మీకు?" అంటూ వాడి మొహం మీదే తలుపేసేశాను.

ఆ సాయంత్రమే మా అబ్బాయి, వీధిలో పిల్లలతో కలిసి వినాయక చవితి చందాలకు బయల్దేరాడు. అరగంటలో తిరిగొచ్చి, రసీదు పుస్తకం బల్లమీద పడేసి ముసుగు తన్నేశాడు. ఎంత బతిమాలినా పలకడే! చివరికి తెలిసిందేమిటంటే, వెనకవీధిలో ఒకావిడ "చదువూ సంధ్యా లేకుండా అడుక్కోవడానికి బయల్దేరారా?" అందిట.

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి నాలుగూ కడిగేసి వద్దామని చెప్పుల్లో కాళ్లు కూడా పెట్టాను. అంతలో మధ్యాహ్నం వచ్చిన కుర్రాడు గుర్తొచ్చాడు. వాడికీ ఒక తల్లి ఉంటుంది కదా! ఆవిడ ఎవరింటికి వెళ్లి కడిగెయ్యాలి? చెప్పులు విప్పేశాను.

పిల్లలు ఇంటింటికీ రావడం మనకు కొత్తేమీ కాదు. దసరా వచ్చిందంటే వీధిబడి పిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పాటలు పాడుకుంటూ గడపగడపకూ వచ్చేవారని మా అమ్మమ్మ చెప్పేది. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి పిల్లలు జాజిరి పాడుతూ వస్తారు. దాన్నెవరూ అడుక్కోవడం అనుకోలేదు. అయ్యవారు వెంట ఉండేవారు. ఏ పిల్లాడు ఎవరింటివాడో ప్రతి ఇల్లాలికీ తెలిసేది. ఇవాళ పిల్లలు మాత్రమే మన గుమ్మంలోకి వస్తున్నారు. పంపిన పెద్దలు కనబడరు. చిక్కంతా అక్కడే ఉంది.

చందాకొచ్చే పిల్లల్నే తీసుకోండి. పందిరి ఎక్కడ, పెద్దలెవరున్నారు, మట్టి విగ్రహమేనా అని అడగండి. ఎంత ఉత్సాహంగా చెబుతారో! ఇవ్వదలచుకుంటే తోచినంత ఇచ్చి రసీదు తీసుకోండి. "నిమజ్జనం అయ్యాక లెక్క చెప్పాలి సుమా" అనండి. డబ్బుకు జవాబుదారీ ఉంటుందని అప్పుడే తెలుస్తుంది. ఇవ్వలేకపోతే "ఈసారి వీలుకాదు నాన్నా" అని చెప్పేయండి. అంతేగానీ "రేపు రండి" అని నాలుగు రోజులు తిప్పకండి. అది అబద్ధమని పిల్లలకు రెండోరోజే తెలిసిపోతుంది.

ఇక బళ్లు పంపే పిల్లలు. కిందటేడు మా పక్కింటి పాప, మూడో తరగతి, విరాళాల కార్డు పట్టుకుని వచ్చింది. ఎక్కువ వసూలు చేసినవాళ్లకి మెడలట. "అందరివీ నిండాయి ఆంటీ, నాదే ఖాళీ. టీచర్ తిడతారు" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇరవై రూపాయలు రాసిచ్చాను. కానీ ఆ పాపకు కావలసింది నా ఇరవై రూపాయలు కాదనిపించింది. మర్నాడు నలుగురు తల్లులం కలిసి బడికి వెళ్లాం. దానం మంచిదే, పోటీ వద్దు, బలవంతం వద్దు, చిన్నపిల్లల్ని తెలియని ఇళ్లకు పంపవద్దు అన్నాం. హెడ్మిస్ట్రెస్ మొదట నొచ్చుకున్నా, ఇకమీదట కార్డులు తల్లిదండ్రులకే ఇస్తామని ఒప్పుకున్నారు.

అసలు చిక్కు అగరొత్తుల కుర్రాడి దగ్గరే. కొంటే, వాణ్ణి పంపినవాడు రేపూ పంపుతాడు. కొనకపోతే, ఈ రాత్రి వాడికి దెబ్బలు పడతాయేమో! బడి అయ్యాక అమ్మకు సాయంగా పూలమ్మే పిల్ల వేరు, బడివేళ సంచీ మోస్తూ తిరిగే పిల్లవాడు వేరు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ఉచితం, నిర్బంధం. బడివేళలు కాక సొంతవాళ్ల పనిలో సాయం చేయడంలాంటి కొద్ది మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో చట్టాన్ని సవరించారు. పిల్లలచేత బిచ్చమెత్తించేవాళ్లకు 2015 నాటి బాలల న్యాయచట్టం కింద అయిదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా.

అలాంటి పిల్లవాడు వస్తే గుమ్మంలోనే నిలబడి మంచినీళ్లివ్వండి. "ఏ ఊరు బాబూ? ఎవరితో వచ్చావు? బడికెళ్లట్లేదా?" అని మెల్లగా అడగండి, పోలీసులా కాదు. అనుమానం కలిగితే 1098కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మన పిల్లలకూ కొన్ని చెప్పాలి. ఒంటరిగా వెళ్లకూడదు, ఎవరు పిలిచినా ఇంటిలోపలికి అడుగుపెట్టకూడదు, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాలి. లేదన్నవాళ్లకు కూడా "సరేనండీ" అని చెప్పి రావాలి.

వేళాపాళా గురించి దబాయించినదాన్ని, ఆ వేళకు బడిలో ఉండాల్సినవాడు మా గుమ్మంలో ఎందుకున్నాడని మాత్రం అడగలేకపోయాను. నెలరోజులుగా బెల్ మోగినప్పుడల్లా వాడేనేమోనని చూస్తున్నాను. రాలేదు.

మా అబ్బాయి మర్నాడు మళ్లీ రసీదు పుస్తకం తీసుకున్నాడు. "అన్ని ఇళ్లకూ వెళ్తానుగానీ, ఆవిడింటికి మాత్రం చచ్చినా వెళ్లనమ్మా" అన్నాడు.

ఆ అగరొత్తుల కుర్రాడూ మా ఇంటి గురించి అలాగే అనుకుని ఉంటాడు.